సముద్రపు ఒడ్డు బొమ్మలో కుంచె గీతల్ని, రంగుల్ని ఎలా చూడాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇది. స్పెయిన్ చిత్రకారుడు సొరోయా వేసిన బొమ్మ ఒకటి, తెల్లగౌన్లు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు సముద్రపు ఒడ్డున నడుస్తున్నది, మీ స్నేహితురాలు ఫోన్‌లో పంపింది. మామూలుగా చూస్తే బాగానే ఉంది. వేళ్ళతో పెద్దది చేసి చూస్తే మాత్రం ఇసుక ఉండాల్సిన చోట ఊదా, నీలం గీతలు, తెల్లగౌన్ల మీద నీలం మరకలు, మీగడరంగు మరకలు, ముఖాలు కూడా పూర్తిగా వెయ్యకుండా వదిలేసినట్టున్నాయి. "ఇదేదో తొందరలో వదిలేసిన పనిలా ఉంది, గొప్పతనం ఎక్కడుంది, బొమ్మలు వెయ్యడం రాని నాలాంటివాళ్ళు ఇలాంటివి చూడడం నేర్చుకోగలరా" అన్నారు.

నేర్చుకోగలరు. కచేరీకి వెళ్ళి తల ఊపేవాళ్ళలో పాడగలిగినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి, ఇదీ అంతే. నేను ముప్పయ్యేళ్ళుగా నూనెరంగులతో పని చేస్తున్నాను, పిల్లలకీ పెద్దవాళ్ళకీ నేర్పుతున్నాను, అందులో ఎక్కువ కాలం విశాఖలో, భీమిలి ఒడ్డున. ఇన్నాళ్ళకి నాకు గట్టిగా తెలిసింది ఏమిటంటే, ఇలాంటి బొమ్మ ముందు నిలబడి "అచ్చు సముద్రంలా ఉందా" అని అడిగితే అది నోరు విప్పదు. "ఈ గీత ఇక్కడ ఏం పని చేస్తోంది" అని అడగాలి. ఒక్కో గీతనీ అలా అడుగుతూ పోతే మీకు తొందరగా కనిపించిన చోటల్లా ఒక నిర్ణయం కనబడుతుంది.

ముందు కొలత సంగతి చెప్పాలి, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే వస్తుంది. మీరు చూసిన బొమ్మ "సముద్రపు ఒడ్డున నడక". 1909 వేసవిలో వాలెన్సియా ఒడ్డున వేశాడు. నడుస్తున్నది ఆయన భార్య క్లోటిల్డే, పెద్ద కూతురు మరియా. ఎత్తు 205 సెంటీమీటర్లు, వెడల్పు 200. అంటే ఇంట్లో గుమ్మం తలుపంత ఎత్తు, దాదాపు అంతే వెడల్పు, మనుషులు మనుషులంత ఉంటారు. అంత బొమ్మని అరచేతిలో ఇమిడే ఫోన్‌లో పెడితే గీతలన్నీ దగ్గరికి నొక్కుకుపోయి నున్నగా, ఫోటోలా కనిపిస్తాయి. మళ్ళీ వేళ్ళతో లాగి పెద్దది చేస్తే ఒక్కసారిగా చెల్లాచెదురైన పూతలు. ఈ రెండూ సొరోయా మనకోసం అనుకున్న దూరాలు కావు. మాడ్రిడ్‌లో ఆయన ఉన్న ఇల్లే ఇప్పుడు ఆయన మ్యూజియం. అక్కడ ఈ బొమ్మ ముందు నేను చేసిన పని చెప్తాను. మొదట ఐదారడుగుల దూరంలో నిలబడ్డాను. తర్వాత కాపలా ఆయన ఏమీ అనడనుకున్నంత దగ్గరికి వెళ్ళాను. అక్కడ గౌను లేదు, గాలి లేదు, మందంగా రాసిన రంగు పట్టీలు మాత్రం ఉన్నాయి. చాలా మెల్లిగా వెనక్కి నడవడం మొదలుపెట్టాను. ఒక చోటికి వచ్చేసరికి, ఒక్క అడుగులో, ఆ పట్టీలన్నీ కలిసి గౌను అయిపోయాయి, గౌనులోకి గాలి వచ్చింది. మళ్ళీ ఒక అడుగు ముందుకు వేస్తే రంగే. ఆ గీటు దగ్గర పావుగంట అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయాను. ఫోన్‌లో కూడా ఇది కొంతవరకు చేయొచ్చు, పెద్దది చేసిన బొమ్మని వేలితో ఒక్కసారిగా కాకుండా మెల్లిగా చిన్నది చేస్తూ రండి, గీత ఎప్పుడు గుడ్డగా మారుతుందో పట్టుకోండి.

ఇప్పుడు తెలుపు. మీకు అన్నింటికంటే ఇబ్బంది పెట్టింది అదే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

మన మెదడుకి ఒక అలవాటుంది. ఒక వస్తువు తెల్లదని తెలిస్తే దాన్ని ఏ వెలుతురులో పెట్టినా తెల్లగానే లెక్కేసుకుంటుంది. ఆరేసిన తెల్లపంచె ఎండలో ఉన్నా, సగం నీడలో ఉన్నా, సాయంత్రం నీరెండలో ఉన్నా మనకి "తెల్లపంచె". చిత్రకారుడు ఈ అలవాటుని మానుకోవాలి, కంటికి నిజంగా చేరుతున్న రంగు ఏదో దాన్నే పట్టుకోవాలి. ఒక పని చేయండి. పోస్టుకార్డంత అట్ట తీసుకుని మధ్యలో పెసరగింజంత రంధ్రం చేయండి, అట్ట బూడిదరంగుదైతే మరీ మంచిది. సాయంత్రం నాలుగున్నర, అయిదుకి డాబా మీద ఆరేసిన తెల్లగుడ్డని ఆ రంధ్రంలోంచి చూడండి, ఒక కన్ను మూసుకుని. ఎండ పడ్డ చోట లేత పసుపు, కొంచెం నారింజ. మడత లోపల, నీడ వైపు, స్పష్టంగా నీలం. అడుగున, డాబా ఎర్రటిదైతే, గులాబీరంగు. తెలుపు అనేది మీకు దొరకదు, దొరికినా ఒకటి రెండు చోట్ల. నీడ నీలంగా ఎందుకుంటుందంటే, అక్కడ సూర్యుడి వెలుతురు నేరుగా పడదు కానీ మొత్తం ఆకాశం వెలుతురు పడుతుంది, ఆకాశం నీలం. అడుగున గులాబీ ఎందుకంటే నేల మీద పడ్డ ఎండ పైకి తిరిగి గుడ్డని తాకుతోంది. ఇంతే. ఇందులో కళాకారుడి ఊహ ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చూడడమే.

ఆ అట్టనే ఇప్పుడు సొరోయా బొమ్మ మీద పెట్టండి, కంప్యూటర్ తెర మీదైనా సరే. క్లోటిల్డే గౌను మీద అట్టని మెల్లిగా జరుపుతూ పోండి. లేత ఊదా వస్తుంది, బూడిదనీలం వస్తుంది, మీగడ, పసుపు వస్తాయి. అట్ట తీసేయండి, మళ్ళీ తెల్లగౌను. ఇన్ని రంగులు కలిసి "తెలుపు" అనే ఒక్క మాట చెప్తున్నాయి. మా దగ్గరికి వచ్చే పిల్లలు మొదటి సంవత్సరం తెల్లబట్ట వెయ్యమంటే ట్యూబులోంచి తెలుపు తీసి పూసి, నీడకి నలుపు కలుపుతారు. ఆ బట్ట మాసినట్టు ఉంటుంది, ఎండ ఉండదు. నలుపు తీసి పక్కన పెట్టించి, నీడని నీలం, ఊదాలతో వెయ్యమంటే ఒక్క రోజులో ఎండ వస్తుంది.

ఇంకో విషయం, రంగు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. చీరల కొట్లో ఇది అందరికీ తెలుసు: అదే మెరూన్ పసుపు అంచు పక్కన ఒకలా, ఆకుపచ్చ అంచు పక్కన ఇంకోలా ఉంటుంది. ప్యారిస్‌లో గోబ్లాన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగం చూసిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకి సరిగ్గా ఇలాంటి ఫిర్యాదే వచ్చింది, నల్లదారం నల్లగా ఉండట్లేదని. ఆయన పరీక్షించి చూస్తే దారం బాగానే ఉంది, పక్కన నేసిన నీలం, ఊదాల వల్ల నలుపు వెలవెలబోతోంది. దీని మీద 1839లో పెద్ద పుస్తకమే వేశాడు, తర్వాతి తరం చిత్రకారులకి అది చాలా పనికొచ్చింది. సొరోయా ఇసుకని అంత ఊదాగా ఎందుకు తోశాడో ఇక్కడ అర్థమవుతుంది. ఆ ఊదానీలాల పక్కన ఉన్నందువల్లే గౌను మీద పడ్డ కాస్త మీగడరంగు సాయంత్రపు ఎండలా వెలుగుతుంది. ఇసుకని ఇసుకరంగులోనే వేసి ఉంటే గౌను దానిలో కలిసిపోయేది.

అసలు ఆ ఊదానీలాల్లో ఎక్కువ భాగం పొడి ఇసుక కాదు, తడి ఇసుకా, దాని మీద పలచగా పరుచుకున్న నీరూ. అల వెనక్కి వెళ్ళాక ఇసుక ఎందుకు ముదురుతుందో ఎప్పుడైనా గమనించారా? నీరు ఇసుకరేణువుల మధ్య ఖాళీల్ని నింపేస్తుంది, వెలుతురు మన వైపు చెదరకుండా లోపలికే పోతుంది. పైన మిగిలిన నీటి పొర అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది. అంటే అక్కడ ఇసుకరంగు సగం, ఆకాశం రంగు సగం. ఇంకో ముచ్చట, వాలెన్సియా ఒడ్డు మన విశాఖ ఒడ్డులాగే తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దు నేల వైపు వాలుతుంది. అందుకని సాయంత్రం నీటి మీద కళ్ళు చెదిరే మెరుపు ఉండదు, నీటి రంగులు తాపీగా బయటపడతాయి. సొరోయా సాయంత్రాలు చూస్తే నాకు ఎక్కడో చూసినట్టుంటుంది, కారణం ఇదే అనుకుంటాను. ఒకసారి సాయంత్రం భీమిలిలో నీళ్ళు వెనక్కి తీసిన వెంటనే ఆ తడి పట్టీ మీద ఎండకి వీపు పెట్టి నిలబడి చూడండి. ఆ ఊదా మీకే కనబడుతుంది.

ఆ బొమ్మలో ఆకాశం లేదు, గమనించారా? సముద్రం ఆకాశాన్ని కలిసే గీత కూడా లేదు. పైన్నించి కిందిదాకా ఒడ్డూ నీరే. ఆకాశాన్ని తీసేసి, దాని రంగుని మాత్రం నేల మీద ఉంచాడు. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి.

ఇక గీతలు. ముగ్గు వేసే చెయ్యి గుర్తు తెచ్చుకోండి. చెయ్యి తిరిగినావిడ పిండి పట్టుకుని ఒక్క లాగులో మెలిక తిప్పేస్తుంది, గీత మొదట్లో కాస్త మందంగా, మలుపులో పలచగా, చివర తోకలా ఉంటుంది. కొత్తగా నేర్చుకునే పిల్ల వేస్తే అదే మెలిక నాలుగు చోట్ల ఆగి ఉంటుంది, ఎక్కడ ఆగిందో పిండి కుప్ప చెప్పేస్తుంది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు చూసి ఎవరు వేశారో చెప్పగలిగేవాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. కుంచె గీతని కూడా అలాగే చదవొచ్చు. ఎక్కడ మొదలైంది, అక్కడ రంగు మందంగా ఉంటుంది. ఎటు లాగాడు, వెంట్రుకల చారలు చెప్తాయి. ఎంత వేగంగా లాగాడు, చివర్లో రంగు తెగి కింది పొర కనిపిస్తుంటే వేగం ఎక్కువ. కింది రంగు తడిగా ఉండగానే దాని మీద లాగాడా, అయితే అంచుల్లో రెండు రంగులూ కొంచెం కలిసి మెత్తబడతాయి. కింది పొర ఆరాక వేశాడా, అయితే అంచు తెగినట్టు ఉంటుంది, కాన్వాసు నేత గరుకు మీద మాత్రమే రంగు అంటుకుంటుంది. ఒక్క నిమిషం ఒక్క గీత మీద పెడితే ఇవన్నీ తెలుస్తాయి.

మీరు చూసిన బొమ్మలో ఇసుక మీది గీతలు చాలావరకు పొడుగ్గా, అడ్డంగా పోతాయి. నేల చదునుగా ఉందని, నీరు దాని మీద జారుతోందని ఆ అడ్డగీతలే చెప్తున్నాయి. గౌన్ల దగ్గరికి వచ్చేసరికి గీతల దిక్కు మారిపోతుంది, కిందికీ ఏటవాలుగానూ, గాలి గుడ్డని తోస్తున్న వైపుకి. క్లోటిల్డే టోపీ నుంచి ఎగిరే పలచటి ముసుగు చూడండి, దాన్ని మరీ పలచని రంగుతో, అవతలివి కనిపించేలా లాగాడు. గాలిని ఎవరూ బొమ్మ వెయ్యలేరు. గాలికి ఏమవుతుందో అది వెయ్యగలరు, అది కూడా గీత దిక్కుతో, బరువుతో.

నా అనుభవం ఒకటి చెప్తాను. మొదట్లో నేను ఒడ్డున కూర్చుని ఒక అలని సరిగ్గా వెయ్యాలని మూడు గంటలు కష్టపడ్డాను. వేసిన అల మీద మళ్ళీ మళ్ళీ సవరణ. చివరికి అల గడ్డకట్టిన పెరుగులా తయారైంది. బొమ్మలో ఎడమ పక్క నాలుగింటి వెలుతురు, కుడి పక్క ఆరున్నర వెలుతురు. నాకు నేర్పిన గురువుగారు దాన్ని చూసి ఒక్క మాటన్నారు, "నువ్వు అలని చూడలేదురా, నువ్వు వేసిన గీతనే చూస్తూ కూర్చున్నావు". మర్నాడు నాతో ఇరవై నిమిషాలకి ఒక చిన్న అట్ట చొప్పున వేయించారు, టైమ్ అవగానే లాగేసుకునేవారు. అప్పుడు అర్థమైంది వేగం ఎందుకో. ఒడ్డున ఏదీ ఆగదు. నీడ జరుగుతుంది, పోటు పెరుగుతుంది, మబ్బు వస్తే నీటి రంగే మారిపోతుంది. మెల్లిగా వేస్తే మనం వేసేది చూస్తున్నదాన్ని కాదు, గుర్తున్నదాన్ని. సొరోయా ఒడ్డునే పెద్ద పెద్ద కాన్వాసులు నిలబెట్టి పని చేస్తున్న ఫోటోలు ఉన్నాయి, చూడండి. అంత పెద్ద గుడ్డ మీద, అంత వేగంగా, అంత తక్కువ సవరణతో వెయ్యాలంటే ముందు ఎన్నేళ్ళ సాధన ఉండాలో ఆలోచించండి. 1863లో పుట్టినవాడు, ఈ బొమ్మ నాటికి నలభై ఆరేళ్ళు. ఆ ఏడాది మొదట్లోనే న్యూయార్క్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగితే జనం విరగబడి చూశారు. మీకు తొందరగా కనిపించింది ఆ వయసుకి, ఆ చేతికి వచ్చిన వేగం.

ఒక్క సొరోయాతోనే ఆగకుండా ఇంకో బొమ్మ పక్కన పెట్టి చూడండి, పోలికలో చాలా తెలుస్తుంది. ఫ్రాన్స్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1870లో తమ దేశపు ఒడ్డున వేసిన "ట్రూవిల్ బీచ్", లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఇది చాలా చిన్నది, సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తు, 46 వెడల్పు, ఒళ్ళో పెట్టుకుని వెయ్యొచ్చు. ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ, వెనక బీచ్, ఆకాశం. ఎడమ పక్కన తెల్లగౌనులో గొడుగు పట్టుకున్నది మోనే భార్య కమీల్ అయి ఉంటుందంటారు. వాళ్ళకి అప్పుడే, ఆ జూన్‌లోనే పెళ్ళైంది. జూలైలో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం మొదలైంది, కొన్నాళ్ళకి వాళ్ళు లండన్ వెళ్ళిపోయారు. ఈ బొమ్మ రంగులో ఇసుకరేణువులు ఇరుక్కుని ఉన్నాయి, మ్యూజియం వాళ్ళు పరిశీలనలో కనుక్కున్నారు. బీచ్ మీద కూర్చుని వేస్తుంటే గాలికి వచ్చి తడిరంగు మీద పడ్డ ఇసుక అది. ఈ సంగతి తెలిశాక ఆ బొమ్మని నేను ఇంకోలా చూడడం మొదలుపెట్టాను. గాలి అందులో వేసిన విషయం మాత్రమే కాదు, వేస్తున్నప్పుడు కాన్వాసుని తాకినది కూడా.

ఆ గౌను మీద తెలుపు చూడండి. వెలుతురు పడ్డ చోట దట్టంగా, వెడల్పు కుంచెతో నాలుగైదు లాగులు. కమీల్ ముఖంలో కళ్ళూ ముక్కూ వెతికితే దొరకవు. నీడలో ఉన్న ముఖాన్ని ఎండలో కూర్చుని చూసినప్పుడు మనకీ అంతే కనబడుతుంది కదా. ముఖాల గురించి మీకున్న అభ్యంతరానికి నా జవాబు ఇదే. సొరోయాకి, మోనేకి ముఖాలు వెయ్యడం రాక కాదు, సొరోయా ఎన్నో పెద్ద పెద్ద పోర్ట్రెయిట్లు వేశాడు. కానీ ఆ బొమ్మల్లో ముఖ్యం ఆ వెలుతురు, ఆ గాలి. కనురెప్పలు కూడా లెక్కపెట్టేలా వేస్తే మన కన్ను ముఖానికి అతుక్కుపోయి మిగతా బొమ్మంతా వెనక తెర అయిపోయేది. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా పనితనమే, నా వరకు కష్టమైన పనితనం అదే, ఇప్పటికీ.

సముద్రం రంగు గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. నెదర్లాండ్స్ చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లో మధ్యధరా ఒడ్డున సాంత్ మారీ అనే ఊరికి వెళ్ళి, తమ్ముడికి రాసిన ఉత్తరంలో ఈ సముద్రం మాకెరల్ చేప రంగులో ఉందన్నాడు. అది ఆకుపచ్చో ఊదానో తెలియదు, నీలమేనా అన్నదీ తెలియదు, క్షణం తర్వాత గులాబీయో బూడిదో అయిపోతుంది అని రాశాడు. మాకెరల్ అంటే మన రేవుల్లో దొరికే కానగంతలకి దగ్గరి చుట్టం. కానగంత శాస్త్రీయ నామంలో ఉన్న "కనగుర్త" అన్న ముక్క మన తీరం పేరే. చేప వలలోంచి అప్పుడే తీసినప్పుడు దాని వీపు మీద మెరిసే రంగులు చూసినవాళ్ళకి వాన్ గో మాట చప్పున అర్థమవుతుంది. అటు తిప్పితే ఆకుపచ్చ, ఇటు తిప్పితే నీలం. ఇక సముద్రాన్ని ఒకే నీలంతో నింపేసిన బొమ్మ చూసినప్పుడు, వేసినాయన ఒడ్డుకి వెళ్ళకుండానే వేశాడని నాకు అనిపిస్తుంది. దగ్గరి నీటిలో అడుగు ఇసుక కనిపించి పచ్చదనం ఉంటుంది, దూరాన ఏటవాలుగా చూస్తాం కాబట్టి ఆకాశం ప్రతిబింబం ఎక్కువ, అల నిలువుగా లేచిన చోట వెలుతురు దాని గుండా వచ్చి గాజులా ఉంటుంది, నురుగు నీడలో నీలిబూడిద. ఒకే అలలో ఇన్ని ఉంటాయి. అన్నట్టు వాన్ గో 1882లో నెదర్లాండ్స్‌లో షెవెనింగన్ ఒడ్డున తుఫాను గాలిలో వేసిన చిన్న బొమ్మలో కూడా ఇసుక ఇరుక్కుని ఉంది. ఆ బొమ్మ 2002లో దొంగల పాలై 2016లో ఇటలీలో దొరికింది.

ఒడ్డునే నిలబడి వేగంగా వేసే ఈ పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలోనే ఎందుకు వచ్చిందని ఎవరైనా అడిగితే, మనుషుల మనసు మారడం ఒక్కటే కారణం అని నేను చెప్పను. 1841లో రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగుని తగరపు ట్యూబులో పెట్టడానికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందు రంగు నూరుకుని పంది మూత్రాశయపు సంచుల్లో కట్టుకునేవాళ్ళు, బయటికి మోసుకెళ్ళడం కష్టం, విప్పితే ఆరిపోయేది. ట్యూబులు వచ్చాక సంచీలో వేసుకుని ఒడ్డుకి వెళ్ళిపోవడమే. కోబాల్ట్ నీలం, కాడ్మియం పసుపు, విరిడియన్ ఆకుపచ్చ లాంటి కొత్త రంగులూ ఆ వందేళ్ళలోనే వచ్చాయి. ముఖ్యంగా చవకగా, నిలకడగా ఉండే నీలాలు లేకపోతే ఆ నీలినీడలు ఎక్కడివి.

ఇంతా విని "సరే, అయితే గీతలు విడివిడిగా కనిపిస్తే చాలు, గొప్ప బొమ్మే" అనుకోకండి. అది ఇంకో తప్పు, ఈ రోజుల్లో అదే ఎక్కువ. హోటళ్ళ గోడల మీద, ఆన్‌లైన్ కొట్లలో చాకుతో మందంగా పూసిన సముద్రాలు చూస్తుంటాం కదా, రంగు అంగుళం ఎత్తు ఉంటుంది, ఏమీ ఉండదు. తేడా పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి చెప్తాను. మొదట కళ్ళు సగం మూసి చూడండి. రంగులు మసకబారి వెలుగు, నీడ మాత్రమే మిగులుతాయి. మంచి బొమ్మ అప్పుడు కూడా నిలబడుతుంది, ఎండ ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది, నేల నేలలా పడుకుని ఉంటుంది. పస లేనిది ముద్ద అయిపోతుంది. సొరోయా గౌనులో ఎంత నీలం పెట్టినా ఆ నీలం వెలుగు మోతాదు సరిగ్గా ఉంది, అందుకే మరకలా కాకుండా నీడలా కూర్చుంది. రంగు మార్చొచ్చు, వెలుగు మోతాదు తప్పకూడదు. నా విద్యార్థులకి నేను ఎక్కువసార్లు చెప్పిన వాక్యం ఇదే అయి ఉంటుంది.

రెండోది, గీతలన్నీ ఒకే పొడవు, ఒకే మందం, ఒకే వేగంతో ఉన్నాయా చూడండి. అలా ఉంటే అది అలవాటుగా వేసిన చెయ్యి. నీటికీ గుడ్డకీ చర్మానికీ ఒకే గీత సరిపోదు. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో సొరోయాదే "బీచ్ మీద పిల్లలు" ఉంది, ముగ్గురు కుర్రాళ్ళు ఒంటి మీద గుడ్డ లేకుండా తడి ఒడ్డున బోర్లా పడుకుని ఉంటారు. ఆ ఒళ్ళ మీద గీతలు కండల వంపు వెంట గుండ్రంగా తిరుగుతాయి, తడి మెరుపు దగ్గర మందపాటి లేతరంగు ఒక్క తాకుడు, కింద నీటిలో వాళ్ళ నీడలూ ప్రతిబింబాలూ మాత్రం పలచగా కరిగి సాగిపోతాయి. ఒకే బొమ్మలో మూడు రకాల చెయ్యి. ఎందుకు మార్చాడో మీకు మీరే చెప్పుకోగలుగుతారు, అదే నాకు ముఖ్యం.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. అచ్చుల్ని, ఫోన్ బొమ్మల్ని నమ్మకండి. ఒక సారి నేను గోడకి పెట్టుకుందామని ఈ బొమ్మ అచ్చే ఒకటి కొన్నాను, వచ్చాక చూస్తే ఊదా అంతా పోయి ఇసుక ఆకుపచ్చగా ఉంది. ఆ అచ్చు చూసి సొరోయాని అంచనా వేస్తే ఆయనకి అన్యాయం చేసినట్టే. మ్యూజియం వాళ్ళు తమ సైట్లో పెట్టిన ఫోటోలే చూడండి, తెర వెలుతురు మార్చే రాత్రి సెట్టింగ్ ఆపేసి చూడండి, ఎందుకంటే అది అన్నిటినీ పసుపు చేసేస్తుంది. మీరు చూసిన కాపీలో కూడా ఏదో తేడా ఉండి ఉండొచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఒక్క బొమ్మే తీసుకోండి, మీకు చిరాకు తెప్పించిన ఇదే తీసుకోండి. వారం రోజులు రోజూ పది నిమిషాలు. ఒక రోజు ఇసుక మాత్రమే, ఏ గీత ఎటు పోతోందో వేలితో గాల్లో లాగి చూడండి, నిజంగా చెయ్యి కదపండి, సిగ్గుపడకండి, చెయ్యి కదిలితే వేగం ఒంటికి తెలుస్తుంది. ఒక రోజు గౌన్లు మాత్రమే, అట్ట రంధ్రంతో, దొరికిన రంగులన్నీ కాగితం మీద రాసుకోండి. ఒక రోజు కళ్ళు సగం మూసి. ఒక రోజు ముసుగు, ముఖం, గొడుగు. మధ్యలో ఒక సాయంత్రం దగ్గర్లో సముద్రం ఉంటే అక్కడికి, లేకపోతే చెరువు గట్టుకైనా వెళ్ళండి, తెల్లబట్టలు వేసుకున్న మనిషిని ఎవరినైనా ఎండకి అడ్డంగా నిలబెట్టి అదే అట్టతో చూడండి. ఒక పావుగంట ఆగి మళ్ళీ చూడండి, మొదట రాసుకున్న రంగుల్లో ఎన్ని మిగిలాయో. ఆ రెండు జాబితాలూ, బొమ్మలో దొరికినవీ ఒడ్డున దొరికినవీ, పక్కపక్కన పెట్టి నాకు పంపండి. ఊదా ఏ జాబితాలో ఎన్నిసార్లు వచ్చిందో ముందు అదే చూస్తాను.